గ్యారేజీలో కట్టిన మరుగుదొడ్డి

‘ది హెల్ప్’ సినిమా మొదలైన కాసేపటికే ఒక పేకాట సన్నివేశం వస్తుంది. అమెరికా దక్షిణాది రాష్ట్రం మిసిసిపీ. దాని రాజధాని జాక్సన్. కాలం 1963 ప్రాంతం. తెల్ల ఇల్లాళ్ళు నలుగురు చేరి బ్రిడ్జి ఆడుకుంటుంటారు. వాళ్ళలో హిల్లీ అనే ఆమెకు బాత్రూంకి వెళ్ళాల్సిన అవసరం పడుతుంది. బిగపట్టుకుని కూర్చుంటుంది తప్ప ఆ ఇంటి బాత్రూంలో అడుగు పెట్టదు. ఎందుకంటే ఆ ఇంటి పనిమనిషి ఐబిలీన్ కూడా అందులోకే వెళుతుంది. నల్లవాళ్ళకు వేరే రకం రోగాలుంటాయని, ప్రతి తెల్ల ఇంట్లోనూ పనివాళ్ళకు బయట వేరే మరుగుదొడ్డి ఉండి తీరాలని ఆమె ఒక బిల్లు కూడా రాసి పెట్టుకుంది. ఈ మాటలన్నీ ఐబిలీన్ వింటుండగానే సాగుతాయి. ఆమె విన్నదో లేదో అన్న సందేహం కూడా వాళ్ళకు రాదు. కుర్చీ వింటుందా, బల్ల వింటుందా అని ఎవరైనా ఆలోచిస్తారా! కొద్దిరోజుల్లో ఆ ఇంటి గ్యారేజీలో ఐబిలీన్ కోసం ఒక మరుగుదొడ్డి లేస్తుంది. దానికి ఆమె ‘థాంక్యూ’ కూడా చెప్పాలి.

మన పత్రిక చదివేవాళ్ళకు ఈ సన్నివేశాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. వేరే గ్లాసు, వేరే పళ్ళెం, గోడవారగా బోర్లించిన సత్తుగిన్నె మనలో చాలామంది అమ్మలకు, నాయనమ్మలకు తెలిసినవే. అయితే నాకు అక్కడ పట్టుకున్నది వేరే విషయం. హిల్లీ ‘మైల’ అనదు, ‘రోగం’ అంటుంది. ఆరోగ్యం, పరిశుభ్రత, పిల్లల క్షేమం అంటుంది. మన దగ్గర శాస్త్రం ఒప్పుకోదన్నారు. అక్కడా శాస్త్రం ఒప్పుకోదనే అన్నారు. ధర్మశాస్త్రానికీ వైద్యశాస్త్రానికీ తెలుగులో ఒకటే మాట ఉండటం కాకతాళీయమే కావచ్చు గాని, ఈ సినిమా చూస్తున్నంతసేపూ నాకు ఆ మాట గుర్తొస్తూనే ఉంది.

రోగమే భయమైతే వంట ఎలా చేయిస్తారు? చంటిపిల్లను ఎలా ఎత్తుకోనిస్తారు? ఐబిలీన్ తన జీవితంలో పదిహేడుమంది తెల్లపిల్లల్ని పెంచింది. ఆ ఇంటి చిన్నపిల్ల మే మోబ్లీకి తిండి పెట్టేది, పక్క బట్టలు మార్చేది, బొజ్జోబెట్టేది ఆమే. కన్నతల్లి పిల్లను ఎత్తుకోవడం సినిమాలో అరుదు. ఆ చేతికి రోగం ఉండదు, మరుగుదొడ్డి కుర్చీకి మాత్రం ఉంటుంది! అంటరానితనం ఎప్పుడూ ఇలాగే లెక్కలు వేసుకుంటుంది. చాకిరీ దగ్గర అంటు ఉండదు, హోదా దగ్గర ఉంటుంది. పొలంలో మన చెయ్యి పడని గింజ ఉండదు, అదే గింజ అన్నమై విస్తట్లోకి వచ్చేసరికి మన నీడ కూడా పడకూడదు.

సినిమా వివరాలు క్లుప్తంగా చెబుతాను. క్యాథరిన్ స్టాకెట్ అనే తెల్ల రచయిత్రి 2009లో రాసిన నవల దీనికి మూలం. ఆమె జాక్సన్‌లోనే పుట్టి పెరిగింది. టేట్ టేలర్ దర్శకుడు. 2011 ఆగస్టులో విడుదలై ప్రపంచమంతటా 20 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఐబిలీన్‌గా వయోలా డేవిస్, ఆమె స్నేహితురాలు మిన్నీగా ఆక్టేవియా స్పెన్సర్ నటించారు. చదువుకుని ఊరికి తిరిగొచ్చిన స్కీటర్ అనే తెల్లమ్మాయి, ఈ పనివాళ్ళ అనుభవాలను వాళ్ళ నోటనే చెప్పించుకుని పేర్లు మార్చి పుస్తకంగా వేయడం కథ. మొదట ఎవరూ నోరు విప్పరు. తర్వాత ఒక్కొక్కరే వస్తారు. ఆ పుస్తకం ఊరిని కుదిపేస్తుంది.

నేను లా చదివినదాన్ని కాబట్టి నా చూపు ముందు చట్టం మీదికి పోయింది. సినిమాలో స్కీటర్ ఒక చిన్న పుస్తకం సంపాదించి చదువుతుంది. తెల్లవాళ్ళు కానివాళ్ళు ఎలా మసలుకోవాలో మిసిసిపీ రాష్ట్రం రాసుకున్న నిబంధనలు అవి. ఇది కథ కోసం అల్లింది కాదు. తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ సాంఘిక సమానత్వం ఉండాలని రాసినా, అచ్చువేసినా, పంచినా 500 డాలర్ల వరకు జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని వేయవచ్చని మిసిసిపీ 1920లో చట్టం చేసింది. ఐబిలీన్ తన వంటగదిలో కిటికీలు మూసుకుని మాట్లాడటానికి అంత భయపడేది ఇందుకే. ఆమె చెప్పేది, స్కీటర్ రాసుకునేది రెండూ నేరమే. సమానత్వం అన్న మాటే నేరమైన చోట కూర్చుని వాళ్ళు పుస్తకం రాశారు.

సినిమాలో కనబడని చట్టాలు ఇంకా ముఖ్యమైనవి. 1935లో అమెరికా ప్రభుత్వం సోషల్ సెక్యూరిటీ చట్టం తెచ్చింది. ముసలితనంలో కార్మికుడికి పింఛను ఇచ్చే చట్టం అది. 1938లో కనీస వేతనాన్నీ పనిగంటలనూ నిర్ణయించే చట్టం వచ్చింది. రెండూ గొప్ప చట్టాలే. కానీ రెండింటి నుంచీ రెండు రకాల పనివాళ్ళను బయట నిలబెట్టారు. ఒకరు పొలం కూలీలు, రెండోవారు ఇంటిపనివాళ్ళు. దక్షిణాదిలో నల్లవాళ్ళలో అత్యధికులు చేసేది ఈ రెండు పనులే. ఎందుకలా చేశారన్న దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. దక్షిణాది తెల్ల ప్రతినిధుల ఒత్తిడి అని కొందరు, పన్ను వసూలు కష్టమన్న పాలనా కారణమని కొందరు. చట్టంలో ఎక్కడా ‘నల్లవాడు’ అన్న మాట లేదు. ఆ మాట రాయకుండానే ఆ పని జరిగిపోయింది. లా కాలేజీలో మాకు చట్టంలో ఏముందో చదవడం నేర్పారు. ఏం లేదో చదవడం మాత్రం తర్వాత బస్తీల్లో తిరుగుతూ నేర్చుకున్నాను.

ఇంట్లో క్రమంగా పనిచేసే వాళ్ళకు 1950లో సోషల్ సెక్యూరిటీ వర్తించింది. కనీస వేతనం మాత్రం 1974 దాకా రాలేదు. కాబట్టి 1963 సెప్టెంబరులో కనీస వేతనం గంటకు 1.25 డాలర్లకు పెరిగినప్పుడు ఐబిలీన్ లాంటివాళ్ళకు ఒరిగింది ఏమీ లేదు. సినిమాలో యూల్ మే అనే పనిమనిషి కవల కొడుకుల్ని కాలేజీకి పంపడానికి 75 డాలర్లు అప్పు అడుగుతుంది. జీతంలో కోసుకోండి అని బతిమాలుతుంది. హిల్లీ ఇవ్వదు. పైగా, ఊరికే ఇవ్వకపోవడమే నీకు మేలని ధర్మోపన్యాసం చేస్తుంది. తర్వాత సోఫా వెనక దొరికిన ఉంగరాన్ని యూల్ మే తాకట్టు పెడుతుంది. బస్టాపులో అందరి ముందూ పోలీసులు ఆమెను కొట్టి పట్టుకుపోతారు. ఆ సన్నివేశం చూస్తే దొంగతనం ఎక్కడ మొదలైందో మనకే తెలుస్తుంది. జీతంలోనే మొదలైంది.

ఈ సినిమాను మేము మా మహిళా సంఘం వాళ్ళతో కలిసి చూశాం. విజయవాడలో కొండ మీద ఇళ్ళలో ఉండేవాళ్ళు, రోజూ తెల్లవారుజామున దిగి వెళ్ళి నాలుగైదు ఇళ్ళలో అంట్లు తోమి, ఇల్లు తుడిచి, మళ్ళీ ఎక్కేవాళ్ళు. ఆదివారం సాయంత్రం మా విహారం హాల్లో వందనం అయ్యాక ప్రొజెక్టర్ పెట్టాం. నేను పక్కన నిలబడి ఆపుతూ ఆపుతూ తెలుగులో చెప్పాను. మిన్నీ చాక్లెట్ పై చేసి హిల్లీకి తినిపించే ఘట్టం దగ్గర, అందులో ఏం కలిపిందో నేను చెప్పకముందే హాలంతా విరగబడి నవ్వింది. మరుగుదొడ్డి దగ్గర మాత్రం ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒక పెద్దావిడ, “మాకు అసలు కట్టనే కట్టలేదమ్మా, ఇంటికొచ్చేదాకా ఆగుతాం. అందుకే పొద్దున్న నీళ్ళు తాగం,” అంది. ఇంకొకామె తను పనిచేసే అపార్టుమెంటులో పనివాళ్ళకు వేరే లిఫ్టు ఉందని, అది చెడిపోతే ఐదంతస్తులూ మెట్లెక్కాల్సిందేనని చెప్పింది.

సినిమా అయిపోయాక వచ్చిన ప్రశ్న నేను ఎదురు చూడనిది. వెనక వరసలో కూర్చున్న ఒకామె, నలభై దాటి ఉండవు, అడిగింది.

“అక్కా, ఆ తెల్లమ్మాయికి పెద్ద ఊళ్ళో ఉద్యోగం వచ్చింది గదా. మరి ఈమెకి?”

“పని పోయింది. వెండి చెంచాలు దొంగిలించిందని నింద వేసి పంపేశారు.”

“మళ్ళీ ఎక్కడ చేరింది?”

“అది సినిమాలో చూపలేదు. ఇక రాస్తూ బతుకుతానని అనుకుంటూ రోడ్డు మీద నడిచిపోతుంది.”

“అయితే కథ అవ్వలేదక్కా,” అందామె. “మా ఇంటి అద్దె ఐదో తారీకుకి కట్టాలి.”

అమెరికాలో ఈ సినిమా మీద పండితులు రాసిన విమర్శలు నేను తర్వాత చదివాను. ఆమె అన్నదాన్ని దాటి ఎక్కువ దూరం పోయినవి కొన్నే. వాటిలో ముఖ్యమైనది నల్లజాతి మహిళా చరిత్రకారుల సంఘం 2011లోనే విడుదల చేసిన బహిరంగ ప్రకటన. ఆ ఇళ్ళలో పనిచేసిన నల్లజాతి స్త్రీలకు మగ యజమానుల నుంచి ఎదురైన లైంగిక వేధింపుల ఊసే సినిమాలో లేదని, నల్లజాతి మగవాళ్ళను తాగుబోతులుగానో కనబడనివాళ్ళుగానో చూపారని, వాళ్ళ ఉద్యమాన్ని వెనక్కి నెట్టారని వాళ్ళు అన్నారు. మొదటి ఆక్షేపణ నా దృష్టిలో అన్నిటికంటే బలమైనది. మిన్నీ తన కూతురికి పనిలో ఎలా మెలగాలో పాఠం చెప్పే సన్నివేశం ఉంది. ఎదురు చెప్పకు, వంట రుచి చూసిన చెంచా మళ్ళీ గిన్నెలో పెట్టకు, ఇలా సాగుతుంది. ఇంటి యజమానితో ఒంటరిగా ఉండకు అన్న మాట అందులో లేదు. నేను తిరిగే బస్తీల్లో ఏ తల్లయినా కూతుర్ని మొదటిరోజు పనికి పంపేటప్పుడు ముందు చెప్పేది అదే.

మెడ్గర్ ఎవర్స్ హత్యను సినిమా ఒక రాత్రికి కుదించింది. ఐబిలీన్ ఎక్కిన బస్సు ఆగిపోతుంది. నల్లవాళ్ళను దిగిపొమ్మంటారు. ఆమె చీకట్లో పరుగెత్తి పడిపోతుంది. మిన్నీ ఇంట్లో రేడియో మోగుతుంటుంది. అంతే. ఎవర్స్ రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసి వచ్చిన మనిషి, మిసిసిపీలో ఎన్‌ఏఏసీపీ సంస్థకు క్షేత్ర కార్యదర్శి. 1963 జూన్ 12 అర్ధరాత్రి దాటాక తన ఇంటి ముందే కారు దిగుతుండగా వెనక నుంచి కాల్చి చంపారు. అంతకు కొద్ది గంటల ముందే అధ్యక్షుడు కెనడీ పౌరహక్కుల మీద దేశాన్నుద్దేశించి మాట్లాడాడు. కాల్చిన బైరన్ డి లా బెక్‌విత్‌ను 1964లో రెండుసార్లు విచారించారు. రెండుసార్లూ జ్యూరీలో ఉన్నది అందరూ తెల్ల మగవాళ్ళే. రెండుసార్లూ తీర్పు తేలలేదు. శిక్ష పడింది 1994లో. ముప్పై ఏళ్ళు పైగా! కారంచేడు, చుండూరు కేసుల వెంట తిరిగినవాళ్ళు ఆ అంకె దగ్గర కాసేపు ఆగుతారు.

కోర్టు మాట వచ్చింది గనక ఇంకొకటి. నవల రచయిత్రి బంధువుల ఇంట్లో పనిచేసే ఒక నల్లజాతి స్త్రీ, ఐబిలీన్ పాత్రను తన పేరు, తన రూపురేఖలు వాడుకుని తన అనుమతి లేకుండా అల్లారని 2011లో జాక్సన్ కోర్టులో దావా వేసింది. 75,000 డాలర్ల నష్టపరిహారం కోరింది. రచయిత్రి ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. సినిమా విడుదలైన వారం రోజులకే కోర్టు ఆ దావాను కొట్టేసింది. పాత్ర ఆమెదా కాదా అన్న విషయంలోకి కోర్టు పోలేదు. పుస్తకం ప్రతి ఆమె చేతికి అందిన నాటి నుంచి ఏడాదిలోగా రాలేదు కాబట్టి కాలపరిమితి దాటిపోయిందన్నారు. లిమిటేషన్ చట్టం ఎందుకు అవసరమో నాకు తెలుసు. పరీక్షల్లో దాని మీద మంచి మార్కులే వచ్చాయి. కానీ పగలంతా వేరొకరి ఇంట్లో ఉండే మనిషికి ఏడాది ఎంత చిన్నదో ఆ చట్టం రాసినవాళ్ళకు తెలిసి ఉండదు. పనివాళ్ళ గొంతు వినిపించిందని లోకం మెచ్చుకున్న పుస్తకం మీద ఒక పనిమనిషి గొంతెత్తితే, విషయం విచారణకే రాలేదు. ఎవరిది న్యాయమో నేను చెప్పలేను. విచారణ జరిగి ఉండాల్సిందని మాత్రం అనగలను.

వయోలా డేవిస్ కూడా తర్వాత 2018లో ఈ పాత్ర చేసినందుకు చింతిస్తున్నానని చెప్పింది. దర్శకుడి మీద, తోటి నటుల మీద ఆమెకు ఫిర్యాదు లేదు. చివరికి వినిపించింది పనివాళ్ళ గొంతు కాదన్నదే ఆమె బాధ. అదే సినిమాకు ఆమె ఆస్కార్‌కు పోటీ పడింది, ఆక్టేవియా స్పెన్సర్ గెలుచుకుంది. 1940లో ఆస్కార్ అందుకున్న మొట్టమొదటి నల్లజాతి నటి హ్యాటీ మెక్‌డేనియల్. ఆమెకూ పనిమనిషి పాత్రకే వచ్చింది. ఆ రాత్రి ఆమెను హాల్లో మిగతా నటులతో కాకుండా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. డెబ్బై రెండేళ్ళ తర్వాత బల్ల మారింది, పాత్ర మారలేదు.

ఇన్ని అన్నాక ఈ సినిమా చూడొద్దంటున్నానా? లేదు, చూడండి. వయోలా డేవిస్ ముఖం కోసమే చూడొచ్చు. కొడుకు ఎలా చనిపోయాడో ఆమె చెప్పే సన్నివేశంలో స్కీటర్ లేకపోయినా ఏమీ లోటు ఉండదు. పనిచోట బండి కింద నలిగిపోయిన ఇరవై నాలుగేళ్ళ కొడుకు గురించి, ఇల్లు శుభ్రం చేసే మనిషి గొంతు పెంచకుండా చెబుతుంది. మా హాల్లో అప్పుడు నేను తెలుగులో చెప్పడం ఆపేశాను. ఎవరూ చెప్పమనలేదు.

అయితే మిత్రులారా, సినిమాతో ఆగకండి. ఆ స్త్రీలు స్కీటర్ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. 1955 డిసెంబరులో మాంట్‌గోమరీలో బస్సుల బహిష్కరణ మొదలైంది. 381 రోజులు సాగింది. ఆ బస్సులు నిండేది ముఖ్యంగా తెల్లవాళ్ళ ఇళ్ళకు పనికి వెళ్ళే ఆడవాళ్ళతోనే. వాళ్ళు నడిచారు. పనిమనిషి రాకపోతే ఇల్లు నడవదు గనక కొందరు తెల్ల ఇల్లాళ్ళు తామే కారేసుకుని వచ్చి తీసుకెళ్ళారు. అలా చేయొద్దని నగర మేయర్ బతిమాలుకోవాల్సి వచ్చింది! జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి ఉద్యమం తరఫున కోర్టులో సాక్ష్యం చెప్పి ఉద్యోగం పోగొట్టుకుంది. ఆమె, ఆమె స్నేహితురాళ్ళు భోజనాలు, కేకులు, పైలు వండి అమ్మి ఆ డబ్బు ఉద్యమానికి ఇచ్చారు. డబ్బు ఎవరిచ్చారని అడిగితే ఎక్కడినుంచీ కాదు అని చెప్పుకునేందుకు వీలుగా, తమ బృందానికి ‘ఎక్కడిదీ కాని క్లబ్బు’ అని అర్థమొచ్చే పేరు పెట్టుకున్నారు. మిన్నీ పై కంటే ఈ పైల కథ నాకు ఎక్కువ నచ్చింది.

అట్లాంటాలో డొరొతీ బోల్డెన్ ఉంది. తొమ్మిదేళ్ళ వయసు నుంచే ఇళ్ళలో పనిచేసిన మనిషి. పనివాళ్ళు వెళ్ళే సిటీ బస్సుల్లో తనూ ఎక్కి, సీట్ల మధ్య తిరుగుతూ జీతాల గురించి, పనిగంటల గురించి మాట్లాడి 1968లో ఇంటిపనివాళ్ళ సంఘాన్ని నిలబెట్టింది. చేరడానికి రుసుము ఒక డాలరు. ఇంకో షరతు, ఓటరుగా నమోదు చేసుకుని ఉండాలి. బాబాసాహెబ్ చెప్పిన ‘సంఘటించు’ అన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు. ఆయన కొలంబియాలో 1913 నుంచి 1916 వరకు చదివిన రోజుల్లో నివసించింది హార్లెమ్‌కు ఆనుకునే. 1946లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఆయన రాసిన ఉత్తరం, దానికి డుబోయిస్ రాసిన జవాబు ఇప్పటికీ ఉన్నాయి. నల్లవాళ్ళ పక్షాన ఐక్యరాజ్యసమితికి పెట్టిన అర్జీ ప్రతి పంపమని బాబాసాహెబ్ అడిగారు. వాళ్ళ సమస్యకూ మన సమస్యకూ ఉన్న పోలిక ఆయనకు అప్పటికే కనబడింది.

మన వాఙ్మయంలో పున్నిక ఉంది. శ్రావస్తిలో అనాథపిండికుని ఇంటి దాసి. చలికాలంలో కూడా ఏటికి దిగి నీళ్ళు మోసేది. నీటిలో మునిగితే పాపం పోతుందనుకునే బ్రాహ్మణుడితో అక్కడే వాదించి అతని మనసు మార్చింది. థేరీగాథలో ఆ మాటలు ఆమె నోటనే ఉన్నాయి. మధ్యలో రాసుకునే స్కీటర్ ఎవరూ కనబడరు. మా సంఘంలో నేను పున్నిక కథ చెప్పినప్పుడు ఆ పెద్దావిడ, “ఆమె నీళ్ళు ఎన్ని బిందెలు మోసేదమ్మా?” అని అడిగింది.

2011లో, ఈ సినిమా విడుదలకు రెండు నెలల ముందు, జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ళ కోసం 189వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది, ఇప్పటిదాకా ధృవీకరించలేదు. మన దగ్గర ఇంటిపనివాళ్ళకు దేశం మొత్తానికీ వర్తించే ప్రత్యేక చట్టం లేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ లోటును ఎత్తిచూపి, దీనిని పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఉన్నంతలో పనికొచ్చేది పనిచోట లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం. యజమాని ఇల్లు కూడా అందులో పనిచోటే. ఇంటిపనిచేసే స్త్రీ జిల్లా స్థాయిలోని లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ప్రాథమికంగా ఆధారం కనబడితే ఆ కమిటీ ఏడు రోజుల్లో పోలీసులకు పంపాలి. ఈ ఒక్క ముక్క చెప్పడానికే మేము ఇంటింటికీ తిరుగుతున్నాం. చెప్పగానే ఎదురొచ్చే ప్రశ్న ఒకటే, “ఫిర్యాదిస్తే రేపట్నుంచి పని ఎవరిస్తారక్కా?”

సినిమా చూసిన మూడు వారాలకు, వెనక వరసలో కూర్చుని అద్దె మాట అన్న ఆమె మా ఆఫీసుకు వచ్చింది. చేతిలో రూళ్ళ నోటుబుక్కు ఉంది. ఇంటర్ చదివే కూతురు చేత రాయించింది. ఏ ఇంట్లో ఎన్ని గంటలు, ఎంత జీతం, ఎన్ని నాగాలకు ఎంత కోశారు, ఎవరు ఏ గ్లాసులో టీ ఇస్తారు, ఎవరింట్లో బాత్రూంకి వెళ్ళనిస్తారు. మొత్తం పదకొండుమంది ఆడవాళ్ళవి. పేర్లు మార్చలేదు. ఇది పుస్తకంగా వేయమని అడగడానికి వచ్చిందనుకున్నాను.

“పుస్తకం ఎందుకక్కా,” అంది. “లేబర్ ఆఫీసులో ఇవ్వాలంటే ఎవరి పేరు మీద రాయాలో చెప్పు.”